లియొనార్డో మీ ఐప్యాడ్ బొమ్మను చూస్తే ఏమనేవాడు?

మీ ప్రశ్నను ఒకసారి గుర్తుచేసుకుంటాను. మీరు ఐప్యాడ్ మీద బొమ్మలు వేస్తారు. ఆయిల్ పెయింటింగ్ నేర్పే మీ మాస్టారు "లియొనార్డో బతికుంటే దీన్ని చిత్రకళ అనేవాడే కాదు" అన్నారు. అది నిజమేనా, పునరుజ్జీవన కాలపు మహాచిత్రకారుడు ఈనాటి డిజిటల్ చిత్రాలను ఎలా చూసేవాడు అని అడిగారు. నేను ఆయిల్ రంగులతో మొదలుపెట్టి, ఇప్పుడు యానిమేషన్, గేమ్స్ రంగాల్లోకి వెళ్లాలనుకునే పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నాను. కుంచె, స్టైలస్ (తెర మీద గీసే డిజిటల్ కలం) రెండూ రోజూ వాడతాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, పనిముట్టును చూసి లియొనార్డో ముఖం తిప్పుకొనేవాడు కాదు. అది ఎలా పనిచేస్తుందో విప్పి చూపించమని వెంటపడేవాడు. ఆయన నిలదీసేది వేరే విషయం మీద: ఈ చేతిని, ఈ చెట్టును, ఈ నీడను నువ్వు కళ్లతో చూసి వేశావా, ఇంకెవరో వేసినదాన్ని చూసి వేశావా? ఒక చిత్రకారుడి పద్ధతిని అనుకరించేవాడు ప్రకృతికి బిడ్డ కాడు, మనవడు అవుతాడని ఆయన రాశాడు. మీ బొమ్మ ఆ పరీక్షకు నిలిస్తే ఐప్యాడ్ అడ్డు రాదు. నిలవకపోతే ఖరీదైన కాన్వాస్ మీద నూనె రంగులతో వేసినా ఆయన మెచ్చడు. మీ మాస్టారు వేసిన ప్రశ్న మంచిదే కానీ, దాన్ని పనిముట్టుకు ముడిపెట్టడం సరికాదని నా అభిప్రాయం.

ఇలా నమ్మకంగా చెప్పడానికి కారణం ఉంది. లియొనార్డో (1452–1519) చేతిరాత పుటలు వేల సంఖ్యలో మిగిలాయి. చిత్రకళ గురించి ఆయన రాసుకున్నవాటిని శిష్యుడు ఫ్రాంచెస్కో మెల్జి ఒకచోట చేర్చాడు. అందులోని సలహాలు చదువుతుంటే కొన్నిచోట్ల ఇవాళ్టి డిజిటల్ చిత్రకారుడికి చెబుతున్నట్టే ఉంటుంది.

మీరు రోజూ చేసే పనితోనే మొదలుపెడతాను. బొమ్మ సగం అయ్యాక కాన్వాస్‌ను కుడి ఎడమలు మారేలా తిప్పి చూస్తారు కదా? తిప్పగానే ఒక కన్ను పైకి పోయినట్టు, గడ్డం పక్కకు జారినట్టు కనబడుతుంది. అంతవరకూ బాగానే ఉందనుకున్న ముఖం వంకర అని తెలిసిపోతుంది. లియొనార్డో సరిగ్గా ఇదే చెప్పాడు. పక్కన ఒక చదునైన అద్దం పెట్టుకో, నీ బొమ్మను తరచూ అందులో చూస్తూ ఉండు, తిరగబడి కనిపించేసరికి అది వేరొకరు వేసినట్టు ఉంటుంది, తప్పులు అప్పుడు బాగా పట్టుకోగలవు అన్నది దాని సారం. మధ్యమధ్యలో పని ఆపి బయటికి వెళ్లమన్నాడు. దూరంగా నిలబడి చూడమన్నాడు, అక్కడి నుంచి బొమ్మ చిన్నదై ఒక్క చూపులో మొత్తం పొందిక తెలుస్తుందని కారణం కూడా చెప్పాడు. మనం జూమ్ తగ్గించి చూసేది అందుకే. నా విద్యార్థుల్లో చాలామంది ఒక కనురెప్పను తెర నిండా పెంచుకుని గంటసేపు దాని మీదే కూర్చుంటారు. వాళ్లకు నేను మొదట నేర్పేది ఈ రెండు అలవాట్లే.

ట్రేసింగ్ గురించి. ఫొటో మీద కొత్త లేయర్ (పారదర్శకమైన పొర) వేసి గీయడం మోసం అని, పాతకాలం వాళ్లు అలాంటివి చేసేవాళ్లు కాదని అంటుంటారు. చేశారు, చాలా చేశారు. 1435లో ఇటలీ పండితుడు అల్బర్టి చిత్రకళ మీద రాసిన గ్రంథంలో, దారాలతో గళ్లు కట్టిన పలుచని తెరను కంటికీ వస్తువుకూ మధ్య నిలబెట్టి, గడి గడికీ చూసి గీసుకోవాలని సలహా ఇచ్చాడు. జర్మనీలో చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేసిన కొలతల పుస్తకంలో చెక్క అచ్చుతో ముద్రించిన ఒక బొమ్మ ఉంది: బల్ల మీద ల్యూట్ వాద్యం, గోడకు బిగించిన మేకు నుంచి సాగే దారం, మధ్యలో ఒక చట్రం. ఒకడు దారం కొసను వాద్యం మీద చుక్క చుక్కకూ తాకిస్తుంటే, దారం చట్రాన్ని దాటే చోటును రెండోవాడు గుర్తుపెడుతుంటాడు. మూడు కొలతల వస్తువును చుక్క చుక్కగా సమతలం మీదికి దించే పద్ధతి అది. ఇవాళ త్రీడీ సాఫ్ట్‌వేర్ లోపల జరిగే లెక్కకు అదే మూలం. ఆ ప్రింటు చూపించి ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా క్లాసులో పిల్లలు దాని చుట్టూ మూగుతారు.

లియొనార్డో కూడా గాజుపలక ఎదురుగా పెట్టుకుని దాని మీదే గీసుకునే పద్ధతిని వివరించాడు. అయితే గట్టిగా హెచ్చరించాడు. అది లేకుండా గీయడం చేతకానివాళ్లు దాన్ని పట్టుకుంటే సోమరితనం అలవడి, ఉన్న ప్రతిభ కూడా నాశనం అవుతుందన్నాడు. తెలిసినవాడికి శ్రమ తగ్గడానికి, నేర్చుకునేవాడికి తాను వేసింది సరిచూసుకోవడానికి వాడాలని ఆయన ఉద్దేశం. కాబట్టి ముందు చూసి గీయండి, తర్వాత ఫొటో పైన పెట్టి ఎక్కడ తప్పారో చూడండి. ఈ క్రమం తిరగబడితే చేయి నేర్చుకోదు.

అన్‌డూ (వేసిన గీతను వెనక్కి తీసేసే బటన్), లేయర్లు. అన్నిటికన్నా ఎక్కువగా నేను ఆలోచించింది ఈ విషయం గురించే. బ్రిటిష్ మ్యూజియంలో లియొనార్డో యౌవనంలో వేసిన ఒక చిన్న కాగితం ఉంది. తల్లి, శిశువు, శిశువు చేతుల్లో పిల్లి. ఒక వైపు చూస్తే గీతల మీద గీతలు పడి, తల్లి తల ఎటు వంగి ఉందో వెంటనే తేల్చుకోలేనంత నల్లగా అయిపోయింది. ఒక్క గీతా చెరపలేదు. ఆ గందరగోళంలో తనకు నచ్చిన రూపం దొరికాక కాగితాన్ని తిప్పి, వెనుక నుంచి కనిపించే గీతల్లో కావలసినవాటినే రెండో వైపు దించుకుని, పలుచని సిరాతో నీడలు వేశాడు. కాగితం అవతలి వైపునే ఆయన రెండో లేయర్‌గా వాడుకున్నాడు.

కవులు పద్యం రాస్తూ కొట్టేసి తిరగరాసుకోవడం లేదా, చిత్రకారుడూ అలాగే మొదట చిత్తుగా వేయాలి, అవయవాల వివరాల కన్నా ముందు కదలికను పట్టుకోవాలి అని ఆయన వాదన. ఈ మనిషికి లేయర్లు చూపిస్తే ఎంత సంబరపడేవాడో ఊహించుకోండి. అన్‌డూ మాత్రం నచ్చేది కాదని నా గట్టి నమ్మకం. వెతుకులాట జాడను అన్‌డూ చెరిపేస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు తప్పు గీతలను చూస్తేనే మూడోది ఎక్కడ పడాలో కన్ను చెబుతుంది. ఆ రెండూ మాయమైతే అదే తప్పును మళ్లీ మళ్లీ గీస్తాం. నా విద్యార్థులకు చిత్తు దశలో అన్‌డూ నిషేధం. తప్పు గీత పడితే దాన్ని అలాగే ఉంచి, పక్కనే ఇంకోటి గీయమంటాను. చిత్తు అయ్యాక లేయర్ పలుచన చేసి, పైన శుభ్రంగా దించుకోమంటాను. మొదట్లో గింజుకుంటారు, తర్వాత వాళ్ల గీతల్లో వచ్చే ప్రాణం చూసి వాళ్లే ఒప్పుకుంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "పునరుజ్జీవన మహాచిత్రకారుడు" అంటే ఒక్క మనిషి కాడు, వాళ్లలో వాళ్లకే పడేది కాదు. మైకెలాంజెలో రోమ్‌లో, వెనిస్ చిత్రకారుడు టిషియన్ వేసిన 'డానాయె' చూసి, రంగులు బాగున్నాయని మెచ్చుకుని, వెనిస్‌లో మొదటి నుంచి గీత సరిగా నేర్పకపోవడం విచారకరమని అన్నాడట. ఆ కాలపు కళాకారుల జీవిత చరిత్రలు రాసిన వసారి రాసిపెట్టిన సంగతి ఇది. మైకెలాంజెలో సిస్టైన్ చాపెల్ పైకప్పు (1508–1512) వేసింది తడి గచ్చు మీద. ఏ రోజుకు సరిపడా గచ్చు ఆ రోజే పూసి, అది ఆరేలోపు రంగు వేసేయాలి. నచ్చకపోతే ఆ ముక్కను చెక్కేసి మళ్లీ గచ్చు పూయడమే దారి. అలాంటి పనిలో ఆరితేరిన మనిషి అన్‌డూ బటన్‌ను ఎలా చూస్తాడో చెప్పనక్కర్లేదు. పైగా ఆయన తనను తాను శిల్పిగానే భావించుకున్నాడు, పాలరాయి కోసం ఇటలీలోని కరారా గనుల్లో నెలల తరబడి గడిపాడు. చేతికి బరువు తగలని శిల్పాన్ని తెర మీద చెక్కుతుంటే ఆయనకు కోపమే వచ్చేదని అనుకుంటాను.

టిషియన్ అలా కాదు. కాన్వాస్ మీదే ఆలోచించేవాడు, వేసినదాన్ని మార్చేవాడు, నెలల తరబడి గోడవైపు తిప్పిపెట్టి మళ్లీ తీసి చూసేవాడు. చివరి రోజుల్లో కుంచె కంటే వేళ్లతోనే ఎక్కువగా రంగు పూసేవాడని ఆయన్ను ఎరిగిన పాల్మా జోవానె చెప్పినట్టు రాసి ఉంది. తెర మీద వేలితో రంగును చెదరగొట్టే మిమ్మల్ని చూస్తే ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

వెలుగు, రంగు విషయంలో మాత్రం లియొనార్డోకు పెద్ద ఫిర్యాదు ఉండేది. తెర తనే వెలుగుతుంది. ఆయిల్ చిత్రంలో వెలుగు పలుచని రంగు పొరల గుండా లోపలికి వెళ్లి, అడుగున ఉన్న తెల్లని పూతను తాకి, రంగు అద్దుకుని బయటికి వస్తుంది. మోనాలిసా ముఖాన్ని 2010లో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తో పరిశీలించినప్పుడు ఒక్కో పూత ఒకటి రెండు మైక్రాన్లేనని (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్), అన్నీ కలిపినా 30–40 మైక్రాన్లు దాటవని తేలింది. బుగ్గ నుంచి నీడలోకి జారే ఆ మెత్తని మార్పులో గీత అన్నదే కనబడదు. మనం సాధారణంగా వాడే 8 బిట్ ఫైలులో ఒక్కో రంగు ఛానెల్‌కు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. చీకటి వైపు మెల్లగా జారే నీడ వేసి, తెర వెలుగు పెంచి చూడండి, ఆ మెట్లు చారలుగా బయటపడతాయి. పొగలా కరిగిపోవాల్సిన చోట చార కనబడితే లియొనార్డో కన్ను దాన్ని వదలదు. మీ సాఫ్ట్‌వేర్‌లో 16 బిట్ అవకాశం ఉంటే నీడలు ఎక్కువున్న బొమ్మకు అదే వాడండి. లేకపోతే చివర్లో కాస్త నాయిజ్ (సన్నని చుక్కల చెదురు) కలపండి, చారలు విరుగుతాయి. వెలిగే బొమ్మ అన్న ఆలోచన మాత్రం వాళ్లకు కొత్త కాదు. ఫ్లోరెన్స్ కేథడ్రల్‌లో రంగుగాజు కిటికీలకు దొనాతెల్లో, గిబెర్తి, ఉచ్చెల్లో వంటివాళ్లు నమూనాలు గీశారు.

మీరు అడగలేదు కానీ కింద ఇంకొకరు అడిగారు కాబట్టి కృత్రిమ మేధ తయారుచేసే బొమ్మల గురించి కూడా చెబుతాను. మాటలు టైపు చేస్తే బొమ్మ వచ్చే సాధనాల్లో చాలావాటిలో మొదట ఉండేది అర్థంలేని చుక్కల గందరగోళం. దాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తూ, కోట్లాది బొమ్మల నుంచి నేర్చుకున్న పోలికలను బట్టి రూపం తేలుస్తారు. ఇది విని లియొనార్డో ఉలిక్కిపడడు. మరకలు పడిన గోడల వైపు, బూడిద వైపు, మబ్బుల వైపు చూడు, అందులో కొండలు, నదులు, యుద్ధాలు, ముఖాలు కనబడతాయి, మనసు కొత్త ఊహలకు లేస్తుంది అని ఆయనే శిష్యులకు చెప్పాడు. ఆయన కాలపు చిత్రకారుడు బోటిచెల్లి అయితే రంగులో ముంచిన స్పాంజిని గోడకు విసిరినా ఆ మరకలో అందమైన ప్రకృతి దృశ్యం కనబడుతుందని అన్నాడట. దానికి లియొనార్డో ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. మరకలో ఊహ దొరికే మాట నిజమే, కానీ ఒక్క వివరాన్నైనా ఎలా పూర్తిచేయాలో మరక నేర్పదు, ఆ చిత్రకారుడి ప్రకృతి దృశ్యాలు చాలా నాసిరకం అన్నాడు.

ఒక విద్యార్థి అలాంటి సాధనంతో తెప్పించిన రేవు బొమ్మను తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుని వచ్చాడు. తెరచాప పడవలు, సాయంత్రపు వెలుగు, నీటి మీద మెరుపు, దూరం నుంచి కళ్లు చెదిరేలా ఉంది. దగ్గరికి వెళ్లి తాళ్లను అనుసరించమన్నాను. స్తంభం పైనుంచి దిగిన తాడు పడవ అంచు దాకా వచ్చి ఎక్కడా కట్టకుండా చెక్కలో కలిసిపోయింది. ఇంకో తాడు గాలిలో మొదలై గాలిలోనే ఆగిపోయింది. "ఈ తెరచాపను దించాలంటే ఏ తాడు వదలాలి?" అని అడిగితే చెప్పలేకపోయాడు, బొమ్మా చెప్పలేదు. తర్వాత వారం నిజమైన పడవ వీడియోలు చూసి ఒకే ఒక్క ముడిని పెన్సిల్‌తో వేసుకొచ్చాడు. గీత వణికినా తాడు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో తెలిసింది. ఆ కాగితాన్ని నేను మనసారా మెచ్చుకున్నాను. శవాలను కోసి కండరం ఎముకను ఎక్కడ పట్టుకుందో చూసి గీసిన లియొనార్డో ముందు పెట్టగలిగింది ఆ ముడి బొమ్మనే. కృత్రిమ మేధ సాధనాన్ని మరక గోడలా వాడుకోండి, అభ్యంతరం లేదు. ఊహ దొరికాక దాన్ని పూర్తిచేసే చేయి మీదే కావాలి.

ఇతరుల సాయం తీసుకోవడమే తప్పని పునరుజ్జీవన చిత్రకారులు అనుకోలేదు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్న వెరోకియో 'క్రీస్తు బాప్తిస్మం'లో ఒక దేవదూతను వేసింది శిష్యుడు లియొనార్డోనే. రఫాయెల్ పెద్ద కార్ఖానానే నడిపాడు. అయితే ఎవరి చేయి ఎంత అన్నది డబ్బు ఇచ్చేవాళ్లు నిక్కచ్చిగా రాయించుకునేవారు. 1445లో చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కాతో చేసుకున్న ఒప్పందంలో పియెరో తప్ప వేరెవరూ కుంచె పట్టకూడదని ఉంది. మీరు క్లయింటుకు పని చేసేటప్పుడు ఏది మీ గీత, ఏది యంత్రం ఇచ్చింది అని ముందే చెప్పడం ఆ సంప్రదాయంలోదే.

కాపీల గొడవ కూడా వాళ్లకు తెలుసు. ఇటలీ కళాకారుడు మార్కాంటోనియో రైమోండి డ్యూరర్ చెక్క అచ్చు బొమ్మలను ఆయన సంతకపు గుర్తుతో సహా రాగిరేకుల మీద చెక్కి అమ్మితే, వెనిస్ పాలకులు ఆ గుర్తు వాడొద్దన్నారు కానీ బొమ్మలు కాపీ చేయడాన్ని ఆపలేదని వసారి రాశాడు. 2021లో క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే కళాకారుడి డిజిటల్ చిత్రం 6 కోట్ల 90 లక్షల డాలర్లు దాటి పలికింది. అక్కడ కొన్నవాళ్లకు దక్కిందీ దాదాపు అదే, బొమ్మను అందరూ చూడవచ్చు, కాపీ చేయవచ్చు, సొంతదారు ఎవరో చెప్పే డిజిటల్ గుర్తు (ఎన్‌ఎఫ్‌టీ) ఒక్కరిదే. డ్యూరర్‌కు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు.

మన్నిక విషయంలో మీ మాస్టారి బాధ నిజమైనదే. లియొనార్డో 'చివరి విందు'ను తడి గచ్చు మీద కాకుండా పొడి గోడ మీద తన సొంత పద్ధతిలో వేశాడు. మెల్లగా ఆలోచిస్తూ, మారుస్తూ వేయాలని ఆయన కోరిక. ఫలితంగా ఆయన బతికుండగానే అది పెచ్చులూడడం మొదలైంది. 1978 నుంచి 1999 దాకా సాగిన పునరుద్ధరణ తర్వాత కూడా ఇవాళ మనం చూస్తున్నది మిగిలిన తునకలే. డిజిటల్ బొమ్మకూ ఇదే గండం ఉంది. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా కంప్యూటర్ మీద వేసిన బొమ్మలు ఫ్లాపీల్లో చిక్కుకుపోయి, 2014లో నిపుణులు పాత ఫైలు పద్ధతిని ఛేదిస్తే కానీ బయటపడలేదు. మీ బొమ్మలను యాప్ సొంత ఫైలుగా మాత్రమే ఉంచకండి. టిఫ్ లేదా పీఎన్‌జీగా కూడా తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచండి.

మీ మాస్టారితో వాదనకు దిగకండి. ఆయన దగ్గరికి ఒక బొమ్మ తీసుకెళ్లండి. ముఖం మీది నీడల మెత్తదనం చూడాలంటే సాయంత్రం పొద్దువాలే వేళ గానీ, మబ్బు పట్టిన రోజున గానీ చూడమని లియొనార్డో రాశాడు. అలాంటి వెలుగులో మీ ఇంట్లో ఒకరిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఒకటే బ్రష్, ఒకటే రంగు, చిత్తుకు ఒక లేయర్, దించుకోవడానికి ఇంకొకటి. ఫొటో వద్దు, అన్‌డూ వద్దు. మధ్యలో రెండుసార్లు కాన్వాస్ తిప్పి చూడండి. పూర్తయ్యాక తెర మీద చూపించకుండా మంచి మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వండి. ప్రింట్‌లో నీడలు తెర మీద కన్నా నల్లబడతాయి కాబట్టి, ముదురు భాగాలను ముందే కాస్త తేలిక చేసి, ఒక చిన్న ముక్క నమూనా తీయించి చూసుకోండి.